ఐజాక్ వాల్టన్

ఐజాక్ వాల్టన్ (ఆగష్టు 9, 1593 - డిసెంబరు 15, 1683) ప్రసిద్ధ ఆంగ్ల రచయిత, జీవిత చరిత్రకారుడు. గాలంతో చేపలు పట్టే విద్యపై ఈయన వ్రాసిన ద కంప్లీట్ యాంగ్లర్ అనే గ్రంథం 1653లో లండనులో ముద్రితమైనది. మూడున్నర శతాబ్దాలకు పైగా ఆ పుస్తకం వందలసార్లు పునర్ముద్రణ పొందినది. గాలపు వేటగాళ్ళు వాల్టన్‌ను తమ విద్యకు పితామహునిగా భావిస్తారు. అయితే ఈయన వృత్తిరీత్యా నారబట్టల వర్తకుడు. ఎక్కువ చదువు చదువుకోలేదు. అంతర్యుద్ధంలో దేశం అతలాకుతలమైన రోజులలో, ఇంట వరుస మరణాలు చూసిన తరువాత, అరవయ్యవ ఏట ఈ ప్రశాంతమైన పుస్తకాన్ని వెలువరించాడు. ఇందులో పైక్ అనే వేటచేప గురించిన అధ్యాయం ఎంత పేరు తెచ్చినదో అంత విమర్శకూ గురైనది.

బాల్యం

వాల్టన్ ఇంగ్లాండు మధ్యభాగంలోని స్టాఫర్డ్ పట్టణంలో జన్మించాడు. ఆ ఊరి సెయింట్ మేరీ చర్చిలో 1593 సెప్టెంబరు 21న ఈయనకు బాప్తిస్మం జరిగినది. పుట్టిన తేదీ ఆగష్టు 9 అని ఈయన వీలునామాను బట్టి తెలుస్తున్నది. తండ్రి గెర్విస్ వాల్టన్ మద్యం అమ్మే చిన్న వ్యాపారి. వాల్టన్‌కు నాలుగేళ్ళు నిండకముందే 1597లో ఆయన మరణించాడు. తల్లి మరొక సత్రం యజమానిని పునర్వివాహం చేసుకొన్నది.

యుక్తవయసులో వాల్టన్ లండను చేరి, తమ బంధువర్గానికి చెందిన థామస్ గ్రిన్సెల్ అనే వర్తకుని వద్ద పని నేర్చుకొన్నాడు. 1618లో లండను ఇనుప వర్తకుల సంఘంలో సభ్యత్వం లభించినది. సంఘం పేరు ఇనుముదే అయినా ఈయన వ్యాపారం బట్టలదే. ఫ్లీట్ వీధిలో, ఛాన్సరీ లేన్ సమీపంలో దుకాణం నడిపాడు.

లండను జీవితం

దుకాణం ఉన్న ప్రాంతం సెయింట్ డన్‌స్టన్ చర్చి పరిధిలోనిది. సుప్రసిద్ధ కవి జాన్ డన్ 1624 నుండి ఆ చర్చికి మతగురువుగా ఉన్నాడు. వాల్టన్‌కు ఆయనతో సన్నిహిత పరిచయం ఏర్పడినది. ఆ పరిచయం ద్వారా పండితులు, దౌత్యవేత్తలు, మతాధికారులు ఈ బట్టల వర్తకునికి మిత్రులయ్యారు. వారిలో ఈటన్ విద్యాలయానికి అధిపతిగా పనిచేసిన సర్ హెన్రీ వాటన్ ఒకడు. వాటన్‌కు కూడా గాలం వేయడమంటే ఎంతో ఇష్టం. ఆ విద్యపై పుస్తకం వ్రాయాలని ఆయన తలపోశాడు గాని 1639లో మరణించడంతో అది నెరవేరలేదు.

వాల్టన్ 1626 డిసెంబరులో రేచల్ ఫ్లౌడ్‌ను వివాహమాడాడు. ఆమె ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మర్ వంశానికి బంధువు. వారికి కలిగిన సంతానమంతా పసితనంలోనే మరణించారు. 1640లో రేచల్ కూడా కన్నుమూసినది. అదే సంవత్సరం జాన్ డన్ ఉపన్యాసాల సంపుటానికి ముందుమాటగా వాల్టన్ వ్రాసిన డన్ జీవిత చరిత్ర వెలువడినది. అది మొదట వాటన్ వ్రాయవలసినది. ఆయన మరణించిన తరువాత ఆ బాధ్యత వాల్టన్ మీద పడినది.

1647లో వాల్టన్ ఆన్ కెన్‌ను ద్వితీయ వివాహం చేసుకొన్నాడు. తరువాతి కాలంలో బిషప్పుగా పేరుపొందిన థామస్ కెన్‌కు ఈమె సవతి సోదరి. ఈ దంపతులకు ముగ్గురు పిల్లలు కలిగారు. వారిలో ఒక కుమారుడు పసివాడుగానే మరణించాడు. కుమార్తె ఆన్, మరొక కుమారుడు ఐజాక్ పెరిగి పెద్దవారయ్యారు.

అంతర్యుద్ధ కాలం

1642లో ఇంగ్లాండు రాజుకు, పార్లమెంటుకు మధ్య యుద్ధం మొదలైనది. వాల్టన్ రాజపక్షం వాడు, ఆంగ్లికన్ మతాభిమాని. 1645లో ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథాన్ని నిషేధించారు. 1649లో మొదటి ఛార్లెస్ రాజుకు శిరచ్ఛేదం జరిగినది. వాల్టన్ మిత్రులైన మతాధికారులు పలువురు పదవులు కోల్పోయారు.

1651 సెప్టెంబరు 3న వోర్సెస్టర్ యుద్ధంలో రెండవ ఛార్లెస్ ఓడి పారిపోయాడు. రాజచిహ్నమైన ఒక ఆభరణం ఆయన అనుచరుల చేతిలో స్టాఫర్డ్ ప్రాంతంలో మిగిలిపోయినది. దానిని రహస్యంగా లండనుకు చేర్చే పని వాల్టన్ చేపట్టాడు. పట్టుబడితే ప్రాణాపాయమే. ఆయన దానిని లండన్ టవర్‌లో ఖైదీగా ఉన్న కర్నల్ బ్లాగ్‌కు అందజేశాడు. అటుపిమ్మట అది రాజుకు చేరినది. ఈ సాహసం జరిగిన రెండేళ్ళకు కంప్లీట్ యాంగ్లర్ వెలువడినది. నెమ్మదిగా ఉండటమే గొప్ప గుణమని చెప్పే ఆ పుస్తకం అటువంటి రోజులలో వచ్చినదని పాఠకులు తరచుగా మరచిపోతుంటారు.

కంప్లీట్ యాంగ్లర్

ఈ గ్రంథాన్ని రిచర్డ్ మారియట్ అనే ప్రచురణకర్త సెయింట్ డన్‌స్టన్ చర్చి ఆవరణలోని తన దుకాణం నుండి 18 పెన్నీల వెలకు విడుదల చేశాడు. గ్రంథం సంభాషణ రూపంలో సాగుతుంది. పిస్కేటర్ అనే గాలపు వేటగాడు లండను ఉత్తరాన ఉన్న టాటెన్‌హాం నుండి లీ నది వెంబడి నడుస్తూ, తోడుగా వచ్చిన బాటసారికి ఈ విద్య నేర్పుతాడు. 1655 నాటి రెండవ కూర్పులో బాటసారి స్థానంలో వెనేటర్ అనే వేటగాడు వచ్చాడు. డేగలను పెంచే ఆసెప్స్ అనే మూడవ పాత్ర కూడా చేరినది. 13 అధ్యాయాల పుస్తకం 21 అధ్యాయాలకు పెరిగినది. తరువాత 1661, 1668, 1676 సంవత్సరాలలో కొత్త కూర్పులు వచ్చాయి. 1676 కూర్పులో ఈయన యువమిత్రుడు ఛార్లెస్ కాటన్ వ్రాసిన రెండవ భాగం చేరినది. అది కృత్రిమ ఈగలతో ట్రౌట్ చేపను పట్టే విధానానికి సంబంధించినది.

ఈ విద్యను పుస్తకం చదివి పూర్తిగా నేర్చుకోలేరని వాల్టన్ పీఠికలోనే ఒప్పుకొన్నాడు. కత్తిసామును పుస్తకంతో నేర్పబోయి నవ్వులపాలైన ఒక రచయితను అక్కడ ఉదాహరణగా చూపాడు. చేతితో చేసే పని చేతి నుండి చేతికే అందాలని ఈయన నమ్మకం. ఈ నమ్మకం అన్నిటికంటె స్పష్టంగా కనిపించేది పైక్ చేప అధ్యాయంలోనే.

పైక్ చేప, ఎర కట్టే పద్ధతులు

పైక్ ఉత్తరార్ధగోళంలోని మంచినీటి చేప. శాస్త్రీయనామం ఈసాక్స్ లూసియస్. భారతదేశపు నదులలో ఇది లేదు. మన చెరువులలోని కొరమేను వలె ఇది కూడ నాచులో కదలకుండా పొంచి ఉండి, దగ్గరకు వచ్చిన చేపలను, కప్పలను ఒక్క ఉదుటున పట్టుకొంటుంది. దీని నోటినిండా లోపలికి వాలిన పదునైన పళ్ళు ఉంటాయి. ఎరను అడ్డంగా కరచిపట్టి, తరువాత నోటిలో త్రిప్పుకొని, తలవైపు నుండి మ్రింగుతుంది. గాలానికి ఎరను ఎలా గ్రుచ్చాలి, ఎప్పుడు లాగాలి అనే ప్రశ్నలన్నీ ఈ అలవాటు మీదనే ఆధారపడి ఉంటాయి. మామూలు దారాన్ని ఈ పళ్ళు కోసివేస్తాయి కనుక కొక్కేనికి పైన కొంత పొడవున లోహపు తీగ ఉండాలి.

వాల్టన్ ఎరను రెండు విధాలుగా విభజించాడు. వేటగాడు దగ్గర లేకున్నా ఒకచోట కట్టి ఉంచేది మొదటిది. వేటగాడు తనతో తీసుకొని తిరుగుతూ కదిలిస్తూ ఉండేది రెండవది. ప్రాణమున్న చేపను ఎరగా కట్టడానికి ఈయన చెప్పిన పద్ధతి ఇది:

* రోచ్, డేస్ చేపలు పైక్‌ను బాగా ఆకర్షిస్తాయి. పెర్చ్ చేప గాలం మీద ఎక్కువసేపు బ్రతుకుతుంది గాని దాని వీపు మీది ముళ్ళ వాజాన్ని ముందుగా తీసివేయాలి.
* తలకు, వీపు వాజానికి మధ్య పదునైన కత్తితో చిన్న గాటు పెట్టాలి.
* ఆ గాటులో నుండి తీగను చర్మానికి, కండకు మధ్యగా తోక వరకు నడిపి, తోక దగ్గర మరొక గాటు నుండి బయటకు తీయాలి.
* ఎర జారిపోకుండా దారంతో చుట్టి కట్టాలి. అవసరానికి మించి బిగించరాదు.

కప్పను ఎరగా వాడేటప్పుడు కొక్కేన్ని నోటి నుండి మొప్పల వైపుగా తీసి, కాలి పైభాగాన్ని సన్నని సూదితో ఒకే కుట్టు వేసి తీగకు కట్టాలని చెప్పాడు. ఆ కప్పను ప్రేమించేవాని వలె సుతారంగా పట్టుకోవాలని కూడా హితవు పలికాడు. దారాన్ని ఒక పంగలకర్రకు చుట్టి, చీలికలో కొద్దిగా ఇరికించి ఉంచాలి. పైక్ ఎరను పట్టగానే దారం చీలిక నుండి ఊడి సాగుతుంది. అప్పుడు ఆ చేప తన స్థావరానికి వెళ్ళి తీరికగా ఎరను మ్రింగుతుంది.

ప్రాణమున్న ఎర గురించి ఇంత వివరంగా చెప్పిన వాల్టన్, చనిపోయిన చేపను ఎరగా కట్టే విధానాన్ని మాత్రం చెప్పకుండా వదిలివేశాడు. చచ్చిన గజన్ చేపనో రోచ్ చేపనో గాలానికి గ్రుచ్చి నీటిలో పైకి క్రిందికి ఆడించడం చాలా తేలికైన పని అనీ, తనతో గాని తెలిసిన మరొకరితో గాని ఒకరోజు వెళ్ళితే తెలిసిపోతుందనీ తేల్చివేశాడు. ఆ లోటు తీర్చడానికి ఒక మిత్రుడు చెప్పిన రహస్యాన్ని బయటపెట్టాడు. ఐవీ తీగ జిగురును లావెండర్ జాతి మొక్క నూనెలో కరిగించి ఎరకు పూసి, దానిని నీటి అడుగున కొంతసేపు ఉంచి, తరువాత పైకి, ప్రవాహానికి ఎదురుగా లాగాలట. తాను దీనిని స్వయంగా పరీక్షించలేదని కూడా నిజాయితీగా చెప్పాడు. అధ్యాయం చివర పైక్‌ను సుగంధపు ఆకులు, ఆయిస్టర్లు, ఆంకోవీ చేపలు, వెన్న కూరి నిప్పుల మీద కాల్చే వంటకాన్ని వివరించాడు.

వాల్టన్ వదిలిన చోటు నుండి

వాల్టన్ తేలికైనదని వదిలివేసిన విషయానికి ఆయన జీవించి ఉండగానే ఒక ప్రత్యేక గ్రంథం వెలువడినది. నార్తాంప్టన్‌షైర్‌లో మతగురువుగా ఉన్న రాబర్ట్ నాబ్స్ 1682లో ద కంప్లీట్ ట్రోలర్ అనే పుస్తకం ప్రచురించాడు. పుస్తకం పేరే వాల్టన్ ప్రభావాన్ని చాటుతున్నది. ఇది పూర్తిగా చనిపోయిన చేపను ఎరగా కట్టి పైక్‌ను పట్టే విధానానికి సంబంధించినది. సీసపు బరువు పోసిన జంట కొక్కేల తీగను సూది సాయంతో ఎరచేప నోటి నుండి తోక వరకు దూర్చి, తోకను దారంతో కట్టేవారు. కొక్కేలు ఎర నోటికి ఇరువైపులా ఉంటాయి. తలవైపు బరువు ఉండటం వలన ఎర నీటిలో బ్రతికిన చేప వలె తలక్రిందులుగా దూసుకొనిపోతుంది. పైక్ దానిని తలవైపు నుండి పూర్తిగా మ్రింగేవరకు వేటగాడు వేచి ఉండి అప్పుడు లాగాలి. కొక్కేలు కడుపులో దిగడం వలన ఆ చేప తిరిగి బ్రతికే అవకాశం ఉండదు. పట్టిన చేపను తినడమే ఆనవాయితీ గనుక ఆ కాలంలో దీనిని ఎవరూ దోషంగా భావించలేదు.

19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఆల్ఫ్రెడ్ జార్డిన్ అనే ఆంగ్ల పైక్ వేటగాని పేరుతో మరొక అమరిక వాడుకలోకి వచ్చినది. ఇందులో తీగ మీద కొంత ఎడంగా రెండు కొక్కేల గుత్తులు ఉంటాయి. అవి ఎర శరీరం వెలుపలనే గ్రుచ్చబడి ఉంటాయి కనుక పైక్ ఎరను అడ్డంగా కరచిన కొద్ది సేపటికే లాగవచ్చు. కొక్కెం నోటిలోనే పడుతుంది. నేటి వేటగాళ్ళు చనిపోయిన ఎరకు సాధారణంగా ఒక గుత్తిని తోక మొదట్లో గట్టిగా, రెండవదానిని తలవైపుగా ప్రక్కకండలో గ్రుచ్చుతారు. తోక దగ్గర కండ బిగువుగా ఉంటుంది గనుక విసరినప్పుడు ఎర ఊడిపోదు. పైక్ తలవైపు నుండి మ్రింగబోతుంది గనుక లాగినప్పుడు కొక్కేలు నోటి వైపుకు వస్తాయి. హెర్రింగ్, మాకెరెల్, సార్డీన్ వంటి సముద్రపు చేపలను కూడ ఎరగా వాడుతున్నారు. వీటి నూనె వాసన నీటిలో వ్యాపించి పైక్‌ను ఆకర్షిస్తుంది. వాల్టన్ చెప్పిన లావెండర్ నూనె రహస్యం పనిచేసినా చేయకున్నా, వాసన ముఖ్యమనే ఆలోచన సరైనదే. స్కాట్లాండ్, ఐర్లండ్ దేశాలలో ప్రాణమున్న చేపను ఎరగా వాడటం నిషేధించబడినది. కనుక వాల్టన్ విపులంగా వ్రాసిన పద్ధతి అక్కడ చెల్లదు, ఆయన వదిలివేసినదే నిలిచినది.

విమర్శలు

వాల్టన్ ప్రకృతి శాస్త్రవేత్త కాడు. స్విట్జర్లాండు పండితుడు కాన్రాడ్ గెస్నర్ తదితరుల గ్రంథాల నుండి విన్నవీ కన్నవీ చేర్చి వ్రాశాడు. కొన్ని పైక్ చేపలు ఒక జాతి నీటిమొక్క నుండి పుడతాయని, ఒక పైక్ రెండు వందల సంవత్సరాలకు పైగా జీవించినదని వాటి ఆధారంగా పేర్కొన్నాడు. ఈ రెండూ వాస్తవం కావు. పైక్ గ్రుడ్ల నుండే పుడుతుంది, పాతిక ముప్ఫై సంవత్సరాలకు మించి బ్రతకడం అరుదు.

క్రామ్‌వెల్ సైన్యంలో పనిచేసిన రిచర్డ్ ఫ్రాంక్ అనే వేటగాడు ఈ విషయంపై వాల్టన్‌ను తీవ్రంగా విమర్శించాడు. స్టాఫర్డ్‌లో తాము ఇద్దరం ఎదురుపడి వాదించుకొన్నామని, వాల్టన్ గెస్నర్ పేరు చెప్పి కోపంగా వెళ్ళిపోయాడని తన పుస్తకంలో వ్రాశాడు. అనుభవం లేకుండా ఇతరుల పుస్తకాల నుండి సేకరించాడని ఆరోపించాడు. 1658లో వ్రాసిన ఈ పుస్తకం 1694లో గాని అచ్చు కాలేదు. అప్పటికి వాల్టన్ జీవించిలేడు. 1577 నాటి ది ఆర్ట్ ఆఫ్ యాంగ్లింగ్ అనే పుస్తకపు ఏకైక ప్రతి 20వ శతాబ్దంలో బయటపడినది. అందులోని పాత్రల పేర్లు కూడ పిస్కేటర్, వియేటర్ కావడంతో వాల్టన్ ఆ పుస్తకాన్ని చూసి ఉంటాడని పరిశోధకులు భావిస్తున్నారు. అయితే ఆ కాలంలో పాత గ్రంథాల నుండి స్వీకరించడం రచయితలకు సాధారణమే.

మరొక విమర్శ క్రూరత్వానికి సంబంధించినది. కవి బైరన్ తన డాన్ జువాన్ కావ్యంలో వాల్టన్‌ను క్రూరునిగా చిత్రించాడు. కప్పను కుట్టమని చెబుతూనే ప్రేమగా పట్టుకోమనడం తరువాతి తరాల పాఠకులకు మింగుడుపడలేదు. ఎరకు వీలైనంత తక్కువ గాయం చేయమని వాల్టన్ పలుమార్లు చెప్పిన మాట నిజమే. కాని ఆ జాగ్రత్త జీవి బాధ తగ్గించడానికా, ఎర ఎక్కువసేపు కదలడానికా అనే ప్రశ్న మిగిలే ఉన్నది. మరొక కవి వర్డ్స్‌వర్త్, విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ మాత్రం వాల్టన్‌ను అభిమానించారు. జాన్సన్ ప్రోత్సాహంతోనే 1750లో కంప్లీట్ యాంగ్లర్ మరల అచ్చయినది.

జీవిత చరిత్రలు

వాల్టన్ ఐదుగురి జీవిత చరిత్రలు వ్రాశాడు.

* జాన్ డన్ (1640)
* సర్ హెన్రీ వాటన్ (1651)
* రిచర్డ్ హుకర్ (1665)
* జార్జ్ హెర్బర్ట్ (1670)
* రాబర్ట్ శాండర్సన్ (1678)

వీటిలో మొదటి నాలుగు 1670లో ఒకే సంపుటంగా వెలువడ్డాయి. ఆంగ్ల సాహిత్యంలో జీవిత చరిత్ర ప్రక్రియకు ఇవి తొలి మెట్లుగా పరిగణించబడుతున్నాయి.

చివరి సంవత్సరాలు, మరణం

1660లో రాజరికం తిరిగి వచ్చినది. వాల్టన్ మిత్రుడు జార్జ్ మార్లీ వోర్సెస్టర్‌కు, తరువాత వించెస్టర్‌కు బిషప్పు అయ్యాడు. 1662లో రెండవ భార్య ఆన్ మరణించిన తరువాత వాల్టన్ ఎక్కువకాలం మార్లీ ఆశ్రయంలో గడిపాడు. ఛార్లెస్ కాటన్ 1674లో డవ్ నది ఒడ్డున ఒక చిన్న వేట మందిరం కట్టించి, ద్వారంపై తన పేరు, వాల్టన్ పేరులలోని మొదటి అక్షరాలను పెనవేసి చెక్కించాడు. ఆ కట్టడం నేటికీ ఉన్నది.

వాల్టన్ 1683 ఆగష్టులో తన పుట్టినరోజున స్వహస్తాలతో వీలునామా వ్రాయడం మొదలుపెట్టాడు. స్టాఫర్డ్ సమీపంలోని షాలోఫర్డ్ వద్ద తాను కొన్న పొలంపై వచ్చే ఆదాయాన్ని స్వగ్రామంలోని పేదల కొరకు కేటాయించాడు. పేదపిల్లలను పనిలో చేర్పించడం, చలికాలంలో పేదలకు బొగ్గు పంచడం వంటివి అందులో ఉన్నాయి. తండ్రిని కోల్పోయి పని నేర్చుకోవడానికి ఊరు విడిచిన బాలుడు తొంభైయవ ఏట అటువంటి బాలురను మరచిపోలేదు. అదే సంవత్సరం డిసెంబరు 15న వించెస్టర్‌లో అల్లుడు విలియం హాకిన్స్ ఇంట మరణించాడు. వించెస్టర్ కెథెడ్రల్‌లో సమాధి చేయబడినాడు.

స్మారక చిహ్నాలు

* వించెస్టర్ కెథెడ్రల్‌లో వాల్టన్ సమాధి ఉన్న ప్రార్థనా మందిరంలో 1914లో రంగుటద్దాల కిటికీ అమర్చారు. దీనికి ఇంగ్లాండు, అమెరికాల గాలపు వేటగాళ్ళు విరాళాలిచ్చారు. అందులో వాల్టన్ నది ఒడ్డున కూర్చొని పుస్తకం చదువుకొంటూ కనిపిస్తాడు.
* షాలోఫర్డ్‌లోని ఆయన కుటీరం ప్రదర్శనశాలగా మారినది.
* 1922లో అమెరికాలో నదుల రక్షణ కోసం ఏర్పడిన ఐజాక్ వాల్టన్ లీగ్ ఈయన పేరును ధరించినది.